కొబ్బరిచెట్టుకు నాలుగో దిబ్బ

నవంబరు 1, మిట్టమధ్యాహ్నం. కోనసీమలో ఒక ఊరి చివర, పంటకాలవ గట్టు దిగి నాలుగడుగులు వేస్తే సమాధుల దొడ్డి. వానలకు మోకాళ్ళ దాకా పెరిగిన తుంగను ఇద్దరు కుర్రాళ్ళు కొడవళ్ళతో కోసి పోగులు పెడుతున్నారు. ఒకావిడ బకెట్లో సున్నం కలిపి, కాస్త నీలిమందు చుక్క వేసి, పీచుకుంచెతో వెల్ల వేస్తోంది. మరునాడు సమాధుల పండుగ. ఎండ చల్లబడ్డాక పెయింటరు నల్లరంగు డబ్బా పట్టుకుని వస్తాడు. సమాధికింత అని బేరం కుదుర్చుకుని, చెరిగిపోయిన పేర్ల మీద మళ్ళీ కుంచె తిప్పుతాడు.

"ఏవండీ, ఇది సత్తెమ్మాండీ, సత్యమ్మాండీ?" అని అడుగుతాడు. గచ్చు పెచ్చులూడి నడిమి అక్షరం సగమే మిగిలింది. వెనకాల సెల్‌ఫోను చూసుకుంటున్న మనవడు తలెత్తి, "సత్యమ్మ అని రాసెయ్యండి, అదే కరెక్టు" అంటాడు. బతికినన్నాళ్ళూ ఊరంతా సత్తెమ్మా అని కేకేసిన మనిషి, పోయిన ముప్పయ్యేళ్ళకు సత్యమ్మ అయిపోతుంది. రేపెప్పుడో ఆమె మునిమనవరాలు బాప్తిస్మం రిజిస్టరులో సత్తెమ్మను చూసి, ఆ పేరు కోసం ఈ దొడ్డికి వచ్చిందంటే, తాను వెతుకుతున్న సమాధినే పక్కకు తప్పుకుని వెళ్ళిపోవచ్చు.

సమాధి రాళ్ళు చదువుతూ వంశవృక్షం గీసుకోవడం ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పెద్ద వ్యాపకం. రిటైరైన వాళ్ళు శనివారం పూట సంచీ తగిలించుకుని చర్చి దొడ్లకు బయల్దేరతారు. గోదావరి డెల్టాలో ఆ పని చేద్దామనుకున్నవాడికి మొదటి అడ్డంకి మట్టే.

ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలి, మళ్ళీ వాటిలోంచి పాయలు తీసి, గోదావరి వేల ఏళ్ళపాటు తెచ్చి పోసిన ఒండ్రు ఈ నేల. గునపం దించితే రాయి తగలదు, నీళ్ళు తగులుతాయి. వానాకాలంలో నాలుగడుగులు తవ్వేలోపే గొయ్యిలోకి ఊట దిగుతుంది. తవ్వేవాళ్ళు ఒకపక్క తోడుతూనే ఇంకోపక్క పెట్టెను దించాల్సిన రోజులుంటాయి. రోలు, గుమ్మం ముందు మెట్టు, గుడి ధ్వజస్తంభం, ఏ రాయైనా ఎగువ నుంచి పడవ మీదో బండి మీదో రావలసిందే. అందుకని ఇక్కడ సమాధంటే ఇటుక, గానుగ సున్నం, ఈమధ్య సిమెంటు. పేరు చెక్కరు, గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీస్తారు, లేదా ఆరాక రంగుతో రాస్తారు. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో ఆ గచ్చు ఒక తరం ఉంటే గొప్ప.

రెండో చిక్కు, అసలు సమాధి ఎవరికి ఉంటుందన్నది. వల్లకాడు, రుద్రభూమి, కైలాసభూమి, సమాధుల దొడ్డి అని తెలుగులో పేర్లకు లోటు లేదుగానీ, దహనం చేసే ఇళ్ళలో పేరు రాసుకునే చోటే ఉండదు. బూడిద గోదాట్లో కలుస్తుంది. పేరు నోట్లో ఉంటుంది. తర్పణం విడిచేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలను వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా తలుచుకోవాలి కాబట్టి మూడు పేర్లు తప్పనిసరిగా గుర్తుంటాయి. నాలుగో తరం వాడు సాధారణంగా జారిపోతాడు. గయకు వెళ్ళినవాళ్ళకైతే అక్కడి పండాల దగ్గర యాత్రికుల పుస్తకాలుంటాయి. మీ ఊరు, మీ గోత్రం చెప్తే ఫలానా సంవత్సరం మీ ముత్తాత వచ్చాడని తీసి చూపిస్తారు. హరిద్వారంలో పండాల బహీలను అమెరికాలోని యూటా వంశావళి సంఘం వాళ్ళు 1970ల నుంచి మైక్రోఫిల్ము తీసుకుపోయారంటే, ఆ పుస్తకాల విలువ ఎవరికి ముందు తెలిసిందో అర్థమవుతుంది.

ఇక డెల్టాలో రాతిమీద పేర్లు మొదట చెక్కించుకున్నవాళ్ళు సముద్రం మీంచి వచ్చినవాళ్ళే. బుడతకీచులు, ఒలందులు, ఇంగిలీషులు, పరాసులు అని మన పెద్దలు పిలుచుకున్న ఆ నాలుగు జాతులూ నరసాపురం మొగ నుంచి కోరంగి దాకా గుడ్డల కోసం మూగారు. ఒలందుల కంపెనీకి 17వ శతాబ్దంలోనే పాలకొల్లులో కోఠీ ఉంది. వాళ్ళు తెచ్చి పరిపించిన సమాధి పలకలు, వాటి మీది డచ్చి అక్షరాలు, వంశచిహ్నాలు చూసేందుకు పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ మద్రాసు రాజధానిలోని ఒలందు స్థావరాలన్నీ తిరిగి 1897లో ఒక పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. అప్పటికి ఒలందులు దేశం విడిచి 70 ఏళ్ళు దాటింది. 1824 లండను ఒప్పందం ప్రకారం ఈ తీరంలో వాళ్ళకున్నదంతా మరుసటి ఏడు ఇంగ్లీషు వాళ్ళ చేతికొచ్చింది.

నరసాపురం పక్కనే మాధవాయిపాలెం. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు దాన్ని మడపొల్లం అన్నారు. అక్కడ నేయించి ఎగుమతి చేసిన తెల్లటి నూలుగుడ్డకు ఊరి పేరే స్థిరపడింది. ఇప్పటికీ ఫ్రాన్సులో బట్టల కొట్టుకెళ్ళి మడపొలామ్ అడిగితే ఇస్తారు. ఇచ్చేవాడికి నరసాపురం ఎక్కడుందో తెలియక్కర్లేదు. మాధవాయిపాలెం, బండమూర్లంక, ఇంజరం, ఈ మూడూ డెల్టాలో కంపెనీ వర్తకపు ఏజెన్సీలు. 1830ల మొదటికి ఆ వర్తకం మూతపడింది. మాంచెస్టరు మరగుడ్డ ఎదురొచ్చాక చేనేతతో కంపెనీకి పనేముంది? నేతగాళ్ళు కూలికో, ఓడెక్కి పరాయి దేశాలకో పోయారు. కోఠీ దొరల్లో పోయినవాళ్ళు ఇక్కడే మిగిలారు.

అలా మిగిలినవాళ్ళ పద్దు మాత్రం భద్రంగా ఉంది. మద్రాసు రాజధానిలో ఏ ఊళ్ళో ఏ దొర పోయినా చర్చి పాదిరి ఖనన వివరం రాసి పంపితే, దాని నకలు లండనుకు చేరేది. 1698 నుంచి రాసిన ఆ పుస్తకాలు ఇప్పటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. అది చాలదన్నట్టు 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ అనే సివిల్ సర్వీసు అధికారి మద్రాసు రాజధాని సమాధుల మీది రాతలన్నీ జిల్లాలవారీగా సేకరించి అచ్చు వేశాడు. (ఆనకట్ట కాటన్ వేరు, ఈ కాటన్ వేరు. ఒకాయన బతికినవాళ్ళకు నీళ్ళిచ్చాడు, ఒకాయన పోయినవాళ్ళకు పేజీలిచ్చాడు.) దక్షిణాసియాలోని తెల్లవాళ్ళ శ్మశానాలను కనిపెట్టుకుని ఉండటానికి 1976లో లండనులో ఒక సంఘమే పుట్టింది. భారతదేశంలో బతికిన బ్రిటిష్ కుటుంబాల వివరాల కోసం 1998లో మరోటి. ఫలితం విడ్డూరంగా ఉంటుంది. రెండు వందల ఏళ్ళ కిందట బండమూర్లంకలో చలిజ్వరంతో పోయిన గుమస్తా పేరు బర్మింగ్‌హాంలో కూర్చున్న ఆయన వారసుడికి అరగంటలో దొరుకుతుంది. ఆ గుమస్తాకు పల్లకీ మోసిన బోయీ పేరు ఆ ఊళ్ళోనే ఉన్న మునిమనవడికి దొరకదు.

యానాం కథ ఇంకో రకం. అక్కడ పరాసుల ఏలుబడి 1954 దాకా సాగింది, చట్టరీత్యా అప్పగింత 1962లో జరిగింది. ఫ్రెంచి వాళ్ళకు పుట్టుక, పెళ్ళి, చావు ప్రభుత్వ పుస్తకంలో ఎక్కించడం ఒక పిచ్చి. యానాం పుస్తకాల నకళ్ళు దక్షిణ ఫ్రాన్సులో ఎక్సాన్‌ప్రోవాన్సు ఊళ్ళోని వలస పాలన దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లో పేజీ పేజీ తిప్పి చూసుకోవచ్చు. 1881 సెప్టెంబరులో వచ్చిన ఒక ఫర్మానా ప్రకారం ఫ్రెంచి ఏలుబడిలోని భారతీయులు తమ కుల మత ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి రావచ్చు. వచ్చేటప్పుడు ఒక ఇంటిపేరు ఎంచుకోవాలి. ఇది ఎక్కువగా పుదుచ్చేరి ముచ్చటేగానీ, వంశం వెతికేవాళ్ళు గుర్తుంచుకోవలసిన మెలిక. తాత దగ్గర ఒక పేరు, మనవడి దగ్గర మరో పేరు కనిపిస్తే ఇద్దరూ పరాయివాళ్ళని అనుకోకూడదు.

యానాం పెళ్ళిళ్ళ సంగతి గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసిందే. 1929లో శారదా చట్టం వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాక, సరిహద్దు దాటితే ఆ చట్టం చెల్లదని తెలిసిన పెద్దలు పడవలు కట్టుకుని యానాం వెళ్ళి పిల్లల మెడలో తాళి కట్టించి తిరిగొచ్చేవాళ్ళు. కళ్యాణపురం అని ఆ ఊరికి అలా ఇంకో పేరొచ్చింది. ఫలానా తాతమ్మకు పెళ్ళెప్పుడైందో ఇంటి కాగితాల్లో లేకపోతే, ఆమె పుట్టింటివాళ్ళు ఏ రేవులో పడవ ఎక్కారో వాకబు చేసిన వంశచరిత్రకారులు తెలివైనవాళ్ళు.

పక్కనే కోరంగి. ఓడలు కట్టిన ఊరు, ఓడల రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఆ రేవును ఊడ్చేసింది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ తుపాన్లను చదువుతూ 1789 నాటి కోరంగి ఉప్పెనను వర్ణించినవాడే. ఇవాళ ప్రపంచమంతా వాడే సైక్లోన్ అనే మాటను పుట్టించిందీ ఆయనే. అలాంటి చోట పాత శ్మశానం ఏదని అడగటమే అమాయకత్వం. ఒకే రాత్రిలో బతికినవాళ్ళూ, అంతకుముందు పోయినవాళ్ళూ కలిసే కొట్టుకుపోయారు. కోరంగి పేరు మాత్రం నీటి మీద బతికింది. బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలన్నారు, మారిషస్‌లోనూ ఆ మాటే వాడారు. గోదావరి జిల్లాల నుంచి "రంగం" పోయినవాళ్ళు రంగూన్ ధాన్యపు మిల్లుల్లో, రేవులో బస్తాలు మోశారు. 1942లో జపాన్ బాంబులు పడ్డప్పుడు అడవుల వెంట నడిచి వస్తూ దారిలో రాలినవాళ్ళకు దిబ్బ కూడా లేదు.

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్ళినవాళ్ళది దీనికి తలకిందులు. 1860 నవంబరులో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా ఒప్పంద కూలీలు అక్కడికి చేరారు. అందులో ఎక్కువ భాగం మద్రాసు మీదుగానే వెళ్ళారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు. ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. రాసిన గుమస్తాకు తెలుగు రాదు కాబట్టి ఊరి పేర్లు గుర్తుపట్టడానికి చెవిలో పెట్టుకుని పలకాల్సి వస్తుంది. ఆ నంబరు కాగితం పట్టుకుని నాలుగో తరంవాళ్ళు గోదావరి వెతుక్కుంటూ వస్తుంటారు. వాళ్ళ దగ్గర ఓడ పేరుంటుంది, తేదీ ఉంటుంది. ఇక్కడ ఊళ్ళో వాళ్ళకు చూపించడానికి సమాధి ఉండదు, చెప్పడానికి ఎవరికీ గుర్తుండదు. ఎండలో నిలబడి కాస్త మట్టి పొట్లం కట్టుకుని వెళ్తారు.

కాగితం ఎవరి వెంట నడిచిందో చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అది పన్ను కట్టే భూమి వెంట, జీతం తీసుకునే దొర వెంట, తోటల్లో పని చేయించుకోవడానికి కొనుక్కున్న కూలీ వెంట నడిచింది. ఊళ్ళోనే ఉండి పరాయి పొలంలో ఊడ్చి, కుప్ప నూర్చి, అక్కడే పోయినవాడి వెంట నడవలేదు. భూమి ఉన్న ఇంటివాళ్ళకు సమాధి లేకపోయినా ఇబ్బంది లేదు. సెటిల్‌మెంటు రోజుల్లో ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన వేసి తయారుచేసిన డైగ్లాటు తీస్తే సర్వే నంబరు ఎదురుగా పట్టాదారు పేరు దొరుకుతుంది. అక్కణ్ణుంచి దస్తావేజులు, పంపకాల కాగితాలు, కోర్టు తగాదాలు. దాయాదుల తగాదాను మించిన వంశచరిత్ర లేదు. ఇక ఊరి పుట్టుక చావుల పుస్తకం కరణం, మునసబుల చేతిలో ఉండేది. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాక చాలా ఊళ్ళలో ఆ పాత కట్టలు అటకల మీద చెదలకు దక్కాయి.

నోటితో వంశాన్ని మోసిన వృత్తులూ ఇలాగే. భట్రాజులు రాచవాళ్ళ, జమీందార్ల వంశావళి చదివేవారు. పిచ్చుకుంట్లవాళ్ళు కాపు, కమ్మ, రెడ్డి ఇళ్ళ ముందు గోత్రాలు, ఇంటిపేర్లు ఏకరువు పెట్టి గింజలు పట్టుకెళ్ళేవాళ్ళు. మాదిగలకు డక్కలివాళ్ళు, మాలలకు మాష్టీలు. సుగ్గి రోజుల్లో వచ్చి, మీ మూలపురుషుడు ఫలానా ఊరి నుంచి వలసొచ్చాడని పాడి, ఈ ఏడు పుట్టిన పిల్లల పేర్లు కూడా పాటలో చేర్చుకుని వెళ్ళేవారు. గాదె నిండుగా ఉన్న ఇంటి వంశం పొడుగ్గా, పేదింటి వంశం పొట్టిగా వినిపించేదంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు వేరే పనుల్లో ఉన్నారు.

పేరంటాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ముత్తైదువగా పోయిన ఆడపడుచుకో కోడలికో పొలం గట్టున చిన్న గుడికట్టి, ఏటా చీర పెట్టి, పసుపు పూసి మొక్కడం కోస్తా జిల్లాల్లో ఉన్న ఆచారం. ఆవిడ అసలు పేరు రెండు తరాల్లో పోతుంది, పేరంటాలమ్మగా మిగులుతుంది. అయినా ఆ గుడి ఎవరి పొలంలో ఉందో, చీర పెట్టే హక్కు ఏ ఇంటివాళ్ళదో చూస్తే, ఎన్ని ఇళ్ళుగా చీలినా ఆ కుటుంబాలు ఒక్క మొదలు నుంచే వచ్చాయని తేలుతుంది. దానికైనా గట్టు మనదై ఉండాలి.

గట్టు లేనివాళ్ళకు మొదటిసారి పేరు రాసుకునే చోటు దొరికింది చర్చి దొడ్లలో. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి ఓడెక్కిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు మరుసటి ఏటికి నరసాపురంలో స్థిరపడ్డారు. ఏ మిషన్ జీతమూ లేకుండా వచ్చిన ఈ బ్రదరన్ సంఘంవాళ్ళ పనే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. రెండో తరంలో వాళ్ళ పిల్లలూ ఇక్కడే పని చేశారు. రాజమండ్రిలో 1840ల నడుమ ఉత్తర జర్మనీ మిషన్ వాళ్ళు దిగారు, కొన్నేళ్ళకే ఆ పనిని అమెరికా లూథరన్లు అందుకున్నారు. గుంటూరులో 1842లో అడుగుపెట్టిన ఫాదర్ హేయర్, డెబ్బై దాటిన వయసులో 1869లో మళ్ళీ ఓడెక్కి రాజమండ్రికి వచ్చాడు, మూతపడబోతున్న మిషన్‌ను నిలబెట్టడానికి.

వంశం వెతికేవాళ్ళకు ఈ రెండు సంఘాల తేడా బాగా తెలియాలి. లూథరన్ల దగ్గర పసిపిల్లల బాప్తిస్మం ఉంది, దానికో రిజిస్టరుంది. తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ దొరుకుతాయి. బ్రదరన్ సంఘాల్లో పెద్దయి నమ్మకం ఒప్పుకున్నవాళ్ళకే బాప్తిస్మం, ఏ ఊరి సంఘం ఆ ఊరిదే, పైన బిషప్పు లేడు, కేంద్ర కార్యాలయం లేదు. పసితనంలో పోయిన బిడ్డ ఆ పద్దులో ఉండదు. అందుకని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల బ్రదరన్ కుటుంబాలకు దొడ్డిలోని గచ్చు రాతే చాలాసార్లు మొదటి కాగితం.

ఆ గచ్చు మీద పేరు చదవడమూ ఒక విద్యే. "ప్రభువునందు నిద్రించెను" అన్న వరుస కింద ఏసుదాసు, సువార్తమ్మ, దేవవరం, కరుణమ్మ. ముందు తరంలో పోలయ్య, మంగమ్మ. పేరు చూస్తే తండ్రికి కొడుకు ఏమీ కాడు. నిలబడేది ఇంటిపేరొక్కటే. మతం మారినా, ఊరు మారినా తెలుగువాళ్ళు ఇంటిపేరు వదల్లేదు. అది కూడా రాతలో ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. 'ప.' అంటే పాలపర్తా, పెనుమాలా, పిల్లా? పక్క సమాధుల మీద ఇంకెన్ని 'ప.'లు ఉన్నాయో, అవి ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసి ఊహించాలి. ఈ దొడ్లలో అన్నదమ్ములు, తోటికోడళ్ళు పక్కపక్కనే ఉంటారు. ఇళ్ళ వరుసే ఇక్కడా దిగుతుంది.

ఇంతకీ చోటు ఎందుకంత కరువైంది? దానికి జవాబు ధవళేశ్వరంలో ఉంది. 1847లో మొదలై 1852కు పూర్తయిన ఆనకట్ట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా నదిని ఆపింది. అంతకుముందు ఓ ఏడు వరద, ఓ ఏడు కరువు. తర్వాత కాలవ పారినంత మేరా వరి. ఎకరం విలువ పెరిగిన కొద్దీ, బంజరు అనుకున్న ప్రతి చెక్కా అరకకిందికి వచ్చింది. రికార్డుల్లో శ్మశాన పోరంబోకు అని రాసున్న చోటును నాలుగు వైపుల నుంచీ గట్లు లోపలికి జరుపుకుంటూ వచ్చాయి. ప్రతి దుక్కికీ జానెడు. పూడ్చే హక్కు ఉన్నా మోసుకెళ్ళే దారి వరిచేల మధ్య మాయమైంది. చివరకు మిగిలింది కాలవ గట్టు, లంక ఇసుక. లంకలో పూడ్చిన మనిషిని గోదావరి ఎప్పుడైనా తీసుకుపోతుంది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళకు ఆ మాట వివరించక్కర్లేదు. దళితులకు ఊరూరా శ్మశాన స్థలం ఇవ్వాలని 2010లో 1235వ నంబరు జీవో వచ్చింది. ఆ నంబరు ఇప్పటికీ కలెక్టరేట్ ముందు ధర్నాల్లో వినిపిస్తుంటుంది.

నీళ్ళిచ్చిన మనిషికి మాత్రం గోదావరి వాళ్ళు తమదైన లెక్క పెట్టుకున్నారు. ఆర్థర్ కాటన్ 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో పోయాడు, అక్కడి శ్మశానంలోనే ఉన్నాడు. బ్రిటన్‌లోని తెలుగువాళ్ళు వెళ్ళి పూలు పెట్టి వస్తుంటారు. రాజమండ్రి రిజిస్ట్రారుగా కొన్నాళ్ళు పనిచేసిన సి.పి. బ్రౌన్‌ది లండనులోని కెన్సల్ గ్రీన్, అక్కడికీ వెళ్తారు. ఇక పుష్కరాలొచ్చాయంటే రాజమండ్రి రేవుల్లో తాత ముత్తాతలకు పిండం పెట్టినవాళ్ళలో కొందరు కాటన్ దొరకూ ఒక పిండం వదులుతారు. గోత్రం తెలియని క్రైస్తవుడికి పిండమేమిటని పురోహితుడు అడగడు. 2015లోనూ జరిగింది, 2027లోనూ జరుగుతుంది. నాలుగో తరం తాత పేరు మరిచిపోయిన ఇంట్లో, ఆరేడు తరాల కిందటి పరాయి మనిషి పేరు నీళ్ళ మీద ఇంకా తడుస్తోంది.

మళ్ళీ ఆ సమాధుల దొడ్డికి. నవంబరు 2 సాయంత్రం చీకటి పడేసరికి వెల్ల వేసిన సమాధులన్నిటి మీదా కొవ్వొత్తులు, బంతిపూలు, అగరొత్తులు. పిల్లలు కరిగిన మైనం ఉండలు చేసుకుంటున్నారు. పాదిరిగారి ప్రార్థన మైకులో వినపడుతోంది. ఓ మూల, గచ్చు లేని మట్టి దిబ్బల దగ్గర ఒక ముసలావిడ చేతిలో పూలసంచితో నిలబడి చుట్టూ చూస్తోంది.

"ఏది మామ్మా, తాతయ్యది?" అని అడిగాడు మనవడు.

"కొబ్బరిచెట్టుకు నాలుగో దిబ్బరా."

"కొబ్బరిచెట్టేదీ?"

చెట్టు 1996 నవంబరు 6న పడిపోయింది. ఆ రాత్రి తుపానుకు కోనసీమలో తోటలకు తోటలే నేలకొరిగాయి. మొద్దు కూడా పొయ్యిలోకి వెళ్ళి చాలా కాలమైంది. తర్వాత వేసిన కరెంటు స్తంభం నుంచి ఆవిడ అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒక దిబ్బ దగ్గర ఆగింది. దాని మీద అప్పటికే ఎవరో రెండు కొవ్వొత్తులు వెలిగించి, చేమంతులు పెట్టి వెళ్ళారు. ఆవిడ ఒక నిమిషం చూసి, "పోయినేడూ పెట్టారు, ఎవరో పిచ్చితల్లి" అని గొణుక్కుంటూ ఆ చేమంతులను కాస్త పక్కకు సర్ది, తన బంతిపూలకు చోటు చేసింది. అగ్గిపెట్టె తడిసిపోవడంతో మనవడు ఆ వెలుగుతున్న కొవ్వొత్తి నుంచే తమ కొవ్వొత్తి అంటించాడు.